మింగాక పేరు చెప్పాలి

ఏడు మందుగోళీలు నోట్లో పెట్టుకుని ఎవరూ తమ పేరు స్పష్టంగా చెప్పలేరు. కావాలంటే ప్రయత్నించి చూడండి. ఈ సంగతి యోసేపు ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక ముసలాయన చేతిలో మోసపోయి తెలుసుకున్నాడు. ఆ ముసలాయన వారం రోజులపాటు గోళీలను దవడకింద దాచుకుని, గేటు దాటాక మోరీలో ఉమ్మేసేవాడు. మోరీ అంచున ఎర్రటి మరక చూసి యోసేపు పట్టుకున్నాడు. ఆ మర్నాటి నుంచి మా క్షయ కేంద్రంలో ఒక పద్ధతి మొదలైంది. రోగి మా కళ్లముందే గోళీలు వేసుకోవాలి, గ్లాసెడు నీళ్లు తాగాలి, ఆ తర్వాత బిగ్గరగా పేరూ ఊరూ చెప్పాలి. అది విన్నాకే యోసేపు కార్డు మీద టిక్కు పెట్టేవాడు.

"మింగినవా? అయితె పేరు జెప్పు" అనేవాడు. చదువుకున్నవాళ్లకు కోపం వచ్చేది. హమాలీలు, ఆటోవాళ్లు నవ్వుకుంటూ చెప్పేసేవాళ్లు. షాజహాన్ బీ అనే పెద్దావిడ ఒకామె ఉండేది. ఆమె తన పేరుతో ఆగేది కాదు. తండ్రి పేరు, తాత పేరు, మొహల్లా, ఏ మసీదు వెనక ఇల్లు, అన్నీ చెప్పేది. "బస్ అమ్మీ, మింగినవని అర్థమైంది" అని యోసేపు దండం పెట్టేదాకా వదిలేది కాదు.

మేమిద్దరం పనిచేసింది మెదక్ పట్టణంలో రెండు గదుల చిన్న సర్కారు కేంద్రం. ముందు గదిలో మందుల కౌంటరు, అది నాది. వెనక గదిలో మైక్రోస్కోపు, అది యోసేపుది. నేను తొంభై నాలుగులో చేరేటప్పటికే అతను అక్కడ పాతకాపు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను తమ్మీ అనేవాడు. పొట్టి మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేది. ఇరవై ఏళ్లు ఒకే గొట్టంలోకి వంగి చూసినవాడి మెడ మరెలా ఉంటుంది?

అతని పని అందరూ ముక్కు మూసుకునే పని. పొద్దున్నే రోగులు చిన్న డబ్బాల్లో గల్ల, అంటే కఫం, పట్టుకుని వస్తారు. దాన్ని గాజుపలక మీద పూస్తాడు. ఆరాక ఎర్ర రంగు పోసి కింద మంట చూపిస్తాడు. తర్వాత ఆసిడ్‌తో కడుగుతాడు. గల్లలో ఉన్న సమస్తమూ ఆ ఎరుపును వదిలేస్తుంది, క్షయ క్రిమి ఒక్కటి తప్ప. దాని ఒంటిమీద మైనంలాంటి తోలు ఉంటుందట, పట్టిన రంగు వదలదు. చివర్లో నీలం పోస్తే, నీలం పొలంలో సన్నటి ఎర్రటి పుల్లల్లా కనిపిస్తుంది. ఒక్క పలకను నూరు చోట్ల చూడాలి. రోజుకు పదీ పదిహేను పలకలు. సాయంత్రానికి యోసేపు కళ్లు కూడా ఆ రంగులోకే వచ్చేవి.

మింగించే పని అతనిది కాదు. ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాడు. కారణం అతని అన్న జయానందం. అరవయ్యో దశకం చివర్లో జయానందానికి టీబీ వచ్చింది. అప్పట్లో ఏడాదిన్నర వైద్యం, రోజూ సూది. మూడు నెలలకే దగ్గు పోయి, మొహం తేరుకుని, ఆయన సైకిలెక్కి పనికి పోయాడు. సూదులు మానేశాడు. రెండో ఏడాది చర్చి దగ్గరి శ్మశానంలో పడుకున్నాడు. "మా అన్నను టీబీ సంపలె తమ్మీ. మంచిగైన అనుకున్నడు సూడు, గా అనుకునుడు సంపింది" అని యోసేపు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు మళ్లీ వినాలనిపిస్తుంది.

నేను చేరిన కొత్తలో మెదక్‌లో ఏడాదికి నాలుగు మందుల దుకాణాలు తెరిచేవాళ్లు. అద్దాల తలుపులు, రంగు బోర్డులు, దగ్గుకు పది రకాల సీసాలు. జేబులో ఎంతుంటే అన్ని గోళీలు కత్తిరించి ఇచ్చేవాళ్లు. క్షయ రోగి రెండు రోజుల మందు కొనుక్కుని, నాలుగు రోజులు ఆగి, మళ్లీ రెండు రోజులకు కొనుక్కునేవాడు. లోకమంతా తెరుచుకుంటోందని పేపర్లు రాశాయి. మాకు మాత్రం దుకాణాలే తెరుచుకున్నాయి, ఊపిరితిత్తులు మూసుకుపోయాయి. కొన్నేళ్లకు సర్కారు డబ్బాలు వచ్చాయి. ఒక రోగికి ఒక డబ్బా, ఆరు నెలల మందు మొత్తం అందులోనే, డబ్బామీద రోగి పేరు. మొదటి రెండు నెలలు సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చి ఒకరి కళ్లముందు మింగాలి. ఆ డబ్బా ఇంకెవరికీ ఇవ్వకూడదు. యోసేపు ఆ డబ్బాలను ఇనుప బీరువాలో వరసగా పేర్చి, తాళంచెవి జంధ్యంలా మెడలో వేసుకున్నాడు. చర్చికి పోయేటప్పుడూ తీసేవాడు కాదు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టుండేది అతని తీరు. ఒకసారి శివరాత్రికి మల్లేశ్ అనే రోగి మందు ఎగ్గొట్టి ఏడుపాయల జాతరకు పోయాడు. యోసేపు గోళీల షీటు జేబులో పెట్టుకుని, సైకిల్ తొక్కుకుంటూ వెనకే పోయాడు. అంత జనంలో రోజంతా వెతికి, మంజీర ఒడ్డున బండమీద పట్టుకుని, దుర్గమ్మ గుడి ముందే మింగించాడు. "పేరు జెప్పు" అంటే మల్లేశ్ భయంతో దుర్గమ్మ పేరు చెప్పాడట. రంజాన్ మాసంలో పగలు మింగలేని వాళ్ల కోసం పొద్దుగూకే వేళకు గల్లీల్లో తిరిగేవాడు. వాళ్లు పెట్టిన ఖర్జూరం తిని, వాళ్లకు గోళీలు తినిపించి వచ్చేవాడు. అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారే పద్ధతి తప్పాడు.

ఎల్లం మా దగ్గరికి రెండు వేల పదకొండు ఆగస్టు చివర్లో వచ్చాడు. చేగుంట అవతల ఊరు. మెదక్ బియ్యం మండీలో హమాలీ. ముప్పై రెండేళ్లు, ఎత్తరి మనిషి. క్వింటాలు బస్తా మోసే భుజాలు జారిపోయి, అంగీ కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. నెలన్నర నుంచి దగ్గు. యోసేపు పలక చూసి, ఒక ప్లస్ అని రాశాడు. క్రిములు ఉన్నాయి, మరీ ఎక్కువ లేవు అని దానర్థం. వెంటనే డబ్బా తీసి, దానిమీద పేరు రాసి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"సూడు ఎల్లం. నీ ఒంట్ల కావలోళ్లు ఉంటరు. పురుగు లోపటికి జొరబడంగనే ఉరికొచ్చి దాని సుట్టు నిలబడ్తరు. సంపనీకె చాతగాకుంటె గోడగట్టి లోపట పెడ్తరు. మనల శానమంది ఒంట్ల గట్ల గోడెనక పండుకున్న పురుగు ఉంటది. తిండి తక్కువై, కష్టం ఎక్కువైతె గోడ పల్చబడ్తది. నీకు గదే అయింది."

"మరి గీ గోళీలు ఏం జేస్తయి సారూ?"

"నీ కావలోళ్లకు తోడుపోతయి. ఏడు గోళీలల్ల నాలుగు తీర్ల మందు. ఒకటి ఉరికే పురుగును సంపుతది, ఒకటి పండుకున్నదాన్ని సంపుతది, కడమయి అది తప్పించుకోకుంట సూస్తయి. నెల తిరిగేసరికి ఉరికేటియి సస్తయి. దగ్గు తగ్గుతది, ఆకలైతది. మంచిగైన అనుకుంటవు. పండుకున్నయి గప్పుడు గూడ ఉంటయి. పొలంల తుంగను పైన కోస్తె పోతదా?"

"ఏడ పోతది సారూ. దుంప దియ్యాలె."

"గా దుంపకే ఆరు నెలలు. ఇంకో మాట. మందు పడ్డనాడు మూత్రం ఎర్రగొస్తది, బుగులుపడకు. ఎర్రగొచ్చిందంటె మందు లోపటికి పోయినట్టు."

ఎల్లం తల ఊపాడు. ఏడు గోళీలూ ఒక్క గుక్కలో మింగి, "ఎల్లం, చేగుంట" అని అరిచినంత పని చేశాడు. ఊళ్లో అంగన్‌వాడీ టీచరు దగ్గర మింగే ఏర్పాటు చేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. "వద్దు సారూ. ఊళ్లె తెలుస్తది. మా ఆడమనిషి బీడీలు చుడ్తది. టీబీ ఇండ్లల్ల చుట్టిన బీడీలు ఎవలు గొంటరని టేకేదారు ఆమె బీడీ కార్డు కట్ జేస్తడు, పని బోతది. నేను మండీకి దినాం వస్త గద, ఈడనే మింగుత" అన్నాడు. బీడీ తాగి చచ్చేవాళ్ల గురించి లేని బెంగ, బీడీ చుట్టేవాళ్ల దగ్గు గురించి ఉందన్నమాట ఆ బీడీల కాంట్రాక్టరుకు. నేను అదే అన్నాను. యోసేపు మాత్రం ఎల్లం చెప్పినదానికే సరేనన్నాడు.

ఏడు మోతాదులు సవ్యంగా పడ్డాయి. రెండు కిలోల బరువు పెరిగాడు. అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది.

మేమిద్దరం సమ్మెలో ఉన్నాం. ఉండకుండా ఎలా ఉంటాం? అరవై తొమ్మిదిలో యోసేపు పద్నాలుగేళ్లవాడు, ఊరేగింపులో లాఠీదెబ్బ తిన్నాడు. ఆ మచ్చ మోచేతిమీద ఉండేది. సెప్టెంబరు పదమూడు మంగళవారం నుంచి కేంద్రానికి తాళం. ముందురోజు సోమవారం, ఎల్లం మందు వేసుకునే రోజు. పట్టణంలో ఉన్న రోగుల ఇళ్లకు సైకిల్ మీద పోయి మింగిస్తానన్నాడు యోసేపు. ఎల్లం సంగతే తేలలేదు. మండీ బంద్, బస్సులు బంద్ అవుతాయంటున్నారు. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దంటాడు. యోసేపు బీరువా ముందు నిలబడి తాళంచెవి తిప్పుతూ, తీస్తూ, పొద్దంతా గడిపాడు. ఎల్లం బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు.

చివరికి నాకు చిరాకేసింది. "ఇచ్చెయ్యన్నా. చిన్నపిల్లగాడా? ఇంట్ల మింగుతడు" అన్నాను. అలా అని టీ తాగడానికి బయటికి పోయాను. నేను తిరిగొచ్చేసరికి రెండు నెలల మందులో మిగిలిన పదిహేడు షీట్లూ ఎల్లం చేతి సంచిలో ఉన్నాయి. "ఖాళీ షీట్లు పారెయ్యకు. నాకు దెచ్చి సూపియ్యాలె" అని యోసేపు మూడుసార్లు చెప్పాడు.

రాందాస్ చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. రోజూ పాటలు, డప్పులు, వంటావార్పు. యోసేపు ఓ మూల కుర్చీలో కూర్చునేవాడు. బుధవారం, శుక్రవారం వచ్చిందంటే లేచి పట్టణంలోని రోగుల ఇళ్లకు పోయొచ్చేవాడు. సద్దుల బతుకమ్మ దగ్గరపడ్డ ఒక సోమవారం, ఒక నల్లటి సన్నటి మనిషి శిబిరం అంచున నిలబడి అతని కోసం అడిగింది. నిండా జనమున్న ఆటోలో వచ్చింది. కొంగుముడి విప్పి తొమ్మిది ఖాళీ షీట్లు తీసి ఇచ్చింది.

"ఎవలియమ్మా ఇవి?" అన్నాడు యోసేపు.

"మా ఇంటాయినయి సారూ."

"పేరు?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు ఎలా చెబుతుంది? ఇచ్చిన షీట్లలో ఒకదాని అట్ట తిప్పి చూపించింది. దానిమీద యోసేపు చేతిరాతతో ఎల్లం పేరుంది. "గిదో, దీనిమీద ఉన్నది సూడుండ్రి" అంది. శిబిరంలో ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. "నీ పేరన్న జెప్పుతవా లేదా?" అంటే, "యశోద" అని చెప్పింది. ఆ నవ్వులోనే ఆమెకు దగ్గు వచ్చింది. రెండుసార్లు ఆగి ఆగి దగ్గింది. "పొగాకు దుమ్ము సారూ" అంది, మేం అడక్కుండానే.

యోసేపు షీట్లు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది ఉండాలి, తొమ్మిదీ ఉన్నాయి. అతని మొహంలో మూడు వారాల తర్వాత కొంచెం తెరిపి కనిపించింది. వెనక డప్పు మోగుతోంది. అరకిలోమీటరు దూరం నుంచి దగ్గు విని టీబీయా కాదా చెప్పగలడని పేరున్న మనిషి, చేతిలో ఖాళీ షీట్లు చూసుకుని సంబరపడి, ఎదురుగా ఉన్న దగ్గును వదిలేశాడు. నా మాటేమిటంటారా? నేను పాట వింటున్నాను.

సమ్మె ముగిసిన వారంలో ఎల్లం, యశోద ఇద్దరూ వచ్చారు. రెండు నెలల మందు అయింది కాబట్టి గల్ల మళ్లీ చూడాలి. మిగతా ఎనిమిది ఖాళీ షీట్లూ తెచ్చారు. ఎల్లం మూడు కిలోలు తగ్గాడు. యోసేపు పలక తయారుచేసి మైక్రోస్కోపు ముందు వంగాడు. చాలాసేపటిదాకా తల ఎత్తలేదు. తర్వాత నన్ను పిలిచి, "జర నువ్వు సూడు తమ్మీ, నా కండ్లు సరిగ లేవేమో" అన్నాడు. నాకు పలకలు చదవడం పెద్దగా రాదు. కానీ ఆ రోజు చూసినదానికి చదువు అక్కర్లేదు. నీలమంతా ఎర్ర పుల్లలే. మూడు ప్లస్.

యోసేపు బయటికొచ్చి ఎల్లం ఎదురుగా కూర్చున్నాడు.

"నిజం జెప్పు. మింగినవా, పారేసినవా?"

"ఏడుపాయల దుర్గమ్మ మీద ఒట్టు సారూ. ఒక్క గోళీ పారెయ్యలె."

"మూత్రం ఎర్రగొచ్చిందా?"

ఎల్లం కొంచెం తడబడ్డాడు. "ఒక్కోనాడు వచ్చింది సారూ. ఒక్కోనాడు రాలె."

యోసేపు మొహం చూసి యశోదకు భయమేసినట్టుంది. మొగుణ్ణి కాపాడుకోవాలనే తొందరలో ముందుకొచ్చింది. "మందు మంచిగనే ఉన్నది సారూ. ఆయినకు రాని పొద్దు నాకొచ్చింది గద ఎర్రగ" అంది.

యోసేపు కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగితే అంతా బయటికొచ్చింది. సమ్మె మొదలైన వారంలోనే యశోద దగ్గు పెరిగింది. మెదక్ వద్దామంటే కేంద్రానికి తాళం. ఊళ్లో చూపించుకుంటే బీడీ కార్డు పోతుంది. మండీ బంద్ కాబట్టి ఆ నెల ఇల్లు గడిచింది ఆ కార్డు మీదే. ఎల్లం ఆలోచించాడు. ఏడు మోతాదులకే తనకు ఇంత గుణమిచ్చిన మందు, ఆమెకెందుకు ఇవ్వదు? సోమవారం అతను మింగాడు, బుధవారం ఆమె మింగింది, శుక్రవారం అతను. ఇంట్లో ఒక్క రొట్టె ఉన్నా చెరిసగం తినే మనుషులు, మందునూ అలాగే తిన్నారు. ఖాళీ షీట్ల లెక్క మాత్రం తప్పకుండా సరిపోయింది.

నేను అరిచాను. "అకల్ ఉన్నదారా నీకు? డబ్బమీద ఎవని పేరుంటె వాడే మింగాలని జెప్పలేదా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎల్లం తల దించుకుని, "ఆమె దగ్గుతుంటె నేనొక్కన్నే ఎట్ల మింగాలె సారూ" అన్నాడు.

యోసేపు అరవలేదు. ముందు వాళ్ల ఏడేళ్ల బిడ్డ గురించి అడిగాడు, మర్నాడే తీసుకురమ్మన్నాడు. యశోద చేతికి గల్ల డబ్బా ఇచ్చాడు. తర్వాత, కోపం లేకుండా, అలసిపోయిన గొంతుతో చెప్పాడు. "కోటి పురుగులల్ల నాలుగైదు మొండియి ఉంటయి బిడ్డా. మందు నిండ పడ్తె గవి గూడ సస్తయి. సగం పడ్తె మెత్తటియి సస్తయి, మొండియి మిగుల్తయి. రేపు పుట్టేటియన్ని గా మొండిదాని పిల్లలే. గప్పుడు గీ మందుకు అవి లొంగయి."

యశోద పలకలో రెండు ప్లస్ వచ్చింది. దేవుడి దయ, బిడ్డకు ఏమీ లేదు. ఇద్దరి గల్లనూ హైదరాబాద్ పంపించాం. అక్కడ క్రిమిని పెంచి, ఏ మందుకు చస్తుందో ఏ మందుకు చావదో చూస్తారు. జవాబు రావడానికి సంక్రాంతి దాటింది. ముఖ్యమైన మందులు రెండూ ఇద్దరిలోనూ పనిచేయవని వచ్చింది. మొదట్నుంచే ఎల్లంకు అలాంటి మొండి క్రిమే అంటి ఉండవచ్చు, ఈ సమ్మె వల్లే అయిందని ఎవరూ చెప్పలేరు అని అక్కడి డాక్టరు యోసేపుతో అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. యోసేపుకు ఆ మాట ఎక్కలేదు. "మల్లేశ్ కోసం ఏడుపాయల దాంక తొక్కిన. చేగుంట ఇంకెంత దూరం తమ్మీ?" అని ఎన్నోసార్లు అన్నాడు. ఇచ్చెయ్యమన్నది నువ్వే అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

ఇక మొదలైంది అసలు వైద్యం. రెండేళ్లకు పైగా. ఆదివారం తప్ప రోజూ గుప్పెడు గోళీలు, మొదటి నెలల్లో రోజూ సూది. కడుపులో తిప్పు, కీళ్ల నొప్పులు, చెవుల్లో హోరు. బీడీ కార్డు ఎలాగూ పోయింది. మొగుడూ పెళ్లాలు బిడ్డను యశోద తల్లిదగ్గర వదిలి, మా కేంద్రం వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఎల్లం ఒంట్లో కావలివాళ్లు అప్పటికే అలసిపోయినట్టున్నారు. మందు ఎంతైనా తోడు పోతుంది గానీ ఒంటరిగా యుద్ధం చేయలేదు. ఆ వానాకాలంలో, శ్రావణంలో, ముప్పై నాలుగు కిలోల మనిషై కన్నుమూశాడు. ముందురోజు యోసేపు చూడ్డానికి పోతే చెయ్యి పట్టుకుని, "సారూ, ఆమెతోని మింగియ్యుండ్రి. ఆమె ఇడిసిపెడ్తది, నాకెరికె" అన్నాడట.

నిజంగానే ఆమె విడిచిపెట్టబోయింది. దినాలయ్యాక వచ్చి బెంచీ మీద కూర్చుంది. గోళీలు చేతిలో పెట్టుకుని నోటిదాకా తీసుకుపోదు. "ఆయిన పాలు గోళీలు నేను మింగిన సారూ. మింగి ఆయిన్ని మింగిన. ఇంక నాకెందుకు ఇవి?" అంది. నేనైతే ఏదో ఓదార్పు మాట చెప్పేవాణ్ణి, పనికిరానిది. యోసేపు నీళ్ల గ్లాసు చేతికిచ్చి, "ముందు మింగు. మింగినంక ఏడువు" అన్నాడు. ఆమె మింగింది. "పేరు జెప్పు." ఏడుస్తూనే చెప్పింది.

రెండు వేల పదమూడు మేలో యోసేపు రిటైరయ్యాడు. శాలువా కప్పాం, ఫొటో దిగాం. మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ వచ్చాడు. కొత్త టెక్నీషియన్ పరమేశ్ మంచివాడే. "మీకెందుకు సార్ కష్టం, నేను మింగిస్త" అన్నాడు. యోసేపు విననట్టు పోయి బెంచీ మీద యశోద పక్కన కూర్చున్నాడు. ఏడాదిపాటు రోజూ అదే. మోకాళ్లు నొప్పెడుతున్నా, చలికి దగ్గొస్తున్నా, తొమ్మిదయ్యేసరికి గేటు దగ్గర అతని సైకిల్ చప్పుడు వినపడేది.  సూదుల వల్ల యశోద చెవులు పోయాయి. ముందు సన్నటి శబ్దాలు, తర్వాత దాదాపు అన్నీ. అందుకని అతను మాట మానేసి, ఆమె మింగాక వేలితో తన పెదవులు తట్టేవాడు. పేరు చెప్పు అని. వినపడనివాళ్ల గొంతు పెద్దదవుతుంది కదా. "యశోద, చేగుంట" అని ఆమె చెబితే రోడ్డు మీదికి వినపడేది.

రెండు వేల పద్నాలుగు మే ముప్పై ఒకటి, శనివారం. ఆమె ఆఖరి మోతాదు. పలకలో ఎర్ర పుల్ల కనపడక అప్పటికి ఏడాదిన్నర. ఎల్లుండి సోమవారం కొత్త రాష్ట్రం. చౌరస్తా నిండా తోరణాలు కడుతున్నారు, మైకులో పాటలు. నాకు సంతోషంగానే ఉంది. కాకపోతే సంతోషపడే ఓపిక లేదు.

యశోద గోళీలన్నీ ఒకటొకటిగా మింగింది. నీళ్లు తాగింది. యోసేపు పెదవులు తట్టుకున్నాడు.

"యశోద, చేగుంట."

యోసేపు ఆఖరి గడిలో టిక్కు పెట్టాడు. పోవచ్చు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె లేవలేదు. తలమీద కొంగు సర్దుకుంది. నేలకేసి చూస్తూ, గోడలు అదిరేంత గొంతుతో అంది.

"ఎల్లం."

పరమేశ్ లోపల్నుంచి తొంగిచూశాడు. యోసేపు కలం అలాగే పట్టుకుని ఉన్నాడు.

"ఎల్లం, చేగుంట" అని మళ్లీ అంది. "ఆయిన గోళీలు నేను మింగిన పొద్దు పేరు జెప్పలె సారూ. గందుకే ఇయ్యాల జెప్తున్న."

యోసేపు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను కౌంటరు వదిలి ఆమె ముందుకు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. "అమ్మా, నాడు గోళీలు ఇంటికిచ్చెయ్యిమన్నది నేను. గీయన ఇయ్యనన్నడు. నేనే ఇయ్యిమన్న" అన్నాను. మూడేళ్లుగా గొంతులో ఉన్న మాట అది.

ఆమె నా పెదవులు చూసింది. ఏమీ అర్థం కాలేదు. "ఏందంటుండు సారూ?" అని యోసేపును అడిగింది.

యోసేపు నావైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమెకు చేత్తో రోడ్డు చూపించి, స్టీరింగు తిప్పినట్టు సైగ చేశాడు. నేను చెప్పింది బస్సుకు టైమవుతోందనే అనుకుంది ఆమె. బిడ్డ దగ్గరికి పోవాల్సిన రోజు. నవ్వి, మా ఇద్దరికీ దండం పెట్టి, సంచి తీసుకుని పోయింది.

మొన్న చలికాలంలో యోసేపు కూడా పోయాడు, గుండెనొప్పితో. యశోద వచ్చింది, శ్మశానం దాకా నడిచింది. ఆ రోజూ నేనామెకు చెప్పలేదు. చెప్పినా వినపడదు అనుకున్నాను. సైగలతో చెప్పే మాట కాదు. ఆమెకు చదువు రాదు, కానీ ఆమె బిడ్డ ఇప్పుడు కాలేజీలో ఉంది. బిడ్డ చదివి తల్లికి ఎలాగో చెబుతుందని ఇదంతా రాశాను. మింగాక పేరు చెప్పాలి కదా.

రాంచందర్, మెదక్.